వేరుశనగ కాయంత చెవి

మా అమ్మాయి పుట్టగానే ముందు చూసింది మా అమ్మమ్మ. ఆడపిల్ల అని చెప్పలేదు, ఎర్రగా ఉందనీ చెప్పలేదు. "ఈ పిల్లకి ఒక చెవి లోపల్నే ఉండిపోయిందే," అంది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కడిగి తుడిచి పక్కన పడుకోబెట్టాక చూశాను. ఎడమ చెవి బుల్లి శంఖంలా బ్రహ్మాండంగా ఉంది. కుడి చెవి ఉండాల్సిన చోట వేరుశనగ కాయంత కండ నిలువుగా అంటించినట్టు ఉంది, అంతే. దానికి రంధ్రం కూడా లేదు. రంధ్రం ఉండాల్సిన చోట చర్మం బుగ్గలాగే నున్నగా ఉంది.

నా మొహం చూసి అమ్మమ్మ, "ఏడవమాకే పిల్లా. నేను లాగుతాగా," అంది.

అమ్మమ్మ అలా అందంటే దానికి కారణం ఉంది. మాది ప్రకాశం జిల్లాలో నల్లరేగడి పత్తి ఊరు. మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్ళు పోసింది అమ్మమ్మే. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, ఆముదం పట్టించి, తల గుండ్రంగా వచ్చేట్టు అదిమి, ముక్కు కొనదేలేట్టు రెండు వేళ్ళతో పట్టి లాగేది. మా వీధిలో ముక్కులన్నీ తను తీర్చినవేనని ఆవిడ గట్టి నమ్మకం. నేనెప్పుడైనా ఎదురు మాట్లాడితే, "పుట్టినప్పుడు నీ ముక్కు పునుగులా ఉండేది, నేను లాగబట్టి మొగుడొచ్చాడు," అనేది.

కాబట్టి చెవి కూడా లాగితే వస్తుందనుకుంది. ఆవిడ లెక్కలో చెవంటే ముడుచుకున్న లేతాకు. రోజూ ఆముదం రాసి కాస్త సాగదీస్తే విచ్చుకుంటుంది. నేనూ నమ్మాను. పంతొమ్మిదేళ్ళదాన్ని, ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, నా ముక్కు మీద నాకూ గౌరవముంది. రోజూ నీళ్ళు పోయడం అవగానే, "అమ్మమ్మా, కొంచెం పెరిగిందా?" అని అడిగేదాన్ని. "పెరక్క చస్తదా?" అనేది.

ఉయ్యాల్లో వేసే రోజున గుంటూరు పక్కనుంచి మా అత్తయ్య వచ్చింది. బిడ్డ టోపీ తీసి చూసింది. ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"గ్రహణం రోజు ఏం చేశావమ్మాయ్?"

ఆ ఏడాది పెద్ద సూర్యగ్రహణం పట్టింది. అందరికీ గుర్తుండే ఉంటుంది, పట్టపగలు వీధుల్లో కుక్క కూడా లేదు. నాకు అప్పుడు ఏడో నెల. అత్తయ్యే నన్ను గదిలో పెట్టి, కిటికీకి గోనెపట్టా కట్టి, కదలొద్దు, గోక్కోవద్దు, దేన్నీ తుంచొద్దు అని చెప్పి తలుపేసింది.

"పడుకున్నానత్తయ్యా. మీరే పడుకోమన్నారుగా."

"ఏ పక్కకి తిరిగి పడుకున్నావ్?"

"నాకేం గుర్తు?"

"కుడి పక్కకే అయ్యుంటది. నీ చెవి కింద పడి నలిగింది. దాని నీడ పిల్ల మీద పడింది."

అక్కడున్న ఆడవాళ్ళందరూ తలలూపారు. ఆ తలలూపడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ రాత్రి పడుకునేటప్పుడు కుడి పక్కకి తిరగబోయి ఆగాను. ఆ తర్వాత చాలా రోజులు వెల్లకిలానే పడుకున్నాను.

మా ఆయన గుంటూరులో మిరపకాయల కమీషన్ కొట్లో గుమాస్తా. బస్తాల తూకాలు రాసే పని. కుడి చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా తియ్యడం మర్చిపోతాడు. ఉండి ఉండి, "నా పెన్సిలేదే?" అని ఇల్లంతా వెతుకుతాడు. అత్తయ్య వంటింట్లోంచి, "చెవి మీద పెట్టుకుని ఊరంతా వెతుకుతాడు నా కొడుకు," అని అరుస్తుంది. మా ఇంట్లో రోజూ జరిగే భాగవతం అది. ఆయన మాత్రం బిడ్డ చెవి చూసి గ్రహణం ఊసెత్తలేదు. "దీనికి చెవి వస్తదంటావా?" అని మాత్రం అడిగాడు. వస్తదన్నాను, తెలిసినదానికి మల్లే.

రాలేదు సరిగదా, మూడో నెలకి ఆ వేరుశనగ కాయ ఎర్రగా వాచింది. ముట్టుకుంటే పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మమ్మ పసుపు పెట్టింది. వాపు తగ్గలేదు, చీము చేరింది. మా అన్నయ్య బస్సెక్కించి గుంటూరు తీసుకొచ్చాడు. మా ఆయన కొట్టు దగ్గర్నుంచి తిన్నగా వచ్చాడు, చొక్కా నిండా మిరపకాయల ఘాటు. అందరం బ్రాడీపేటలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా ఆయన వెళ్ళి కూర్చోగానే లోపలున్న వాళ్ళంతా తుమ్మడం మొదలెట్టారు.

డాక్టరు పెద్దాయన. కండని ముట్టుకోకుండా వంగి చూశాడు.

"ఎవరు లాగారమ్మా దీన్ని?"

"మా అమ్మమ్మండీ. విచ్చుకుంటదని."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "కొంతమంది పిల్లలకి చెవి మొత్తం ఉంటుంది, కాకపోతే మడతపడి ఉంటుంది. అది వేరమ్మా. మీ పాపది మడత కాదు. చెవి తయారవుతూ తయారవుతూ సగంలో ఆగిపోయింది. లేనిదాన్ని లాగితే ఎక్కడ్నుంచి వస్తుంది?"

తర్వాత పిల్లని నా ఒళ్ళో పాలు తాగనిచ్చి, మా వెనక్కి వెళ్ళి తాళాల గుత్తి గలగలలాడించాడు. పిల్ల పాలు తాగడం ఆపి కళ్ళు పెద్దవి చేసింది. మళ్ళీ గలగలలాడించాడు, మళ్ళీ ఆపింది. మా అన్నయ్య ఉండబట్టలేక, "వినపడతందిరోయ్!" అని అరిచాడు. ఆ అరుపుకి పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. "ఇంక నా తాళాలతో పనిలేదు," అన్నాడు డాక్టరు.

ఎడమ చెవి బాగుందట. ఆ ఒక్కదాంతో మాటలొస్తాయి, పాటలొస్తాయి, చదువొస్తుందన్నాడు. దవడ తడిమి చూశాడు, వీపు నిమిరి చూశాడు, గుండె విన్నాడు, మూత్రం సరిగ్గా పోస్తోందా అని అడిగాడు. చెవికి చూపిద్దామని వస్తే మూత్రం సంగతెందుకని నేనడిగాను. నా నోరు ఊరుకోదుగా. అవన్నీ కడుపులో ఇంచుమించు ఒకే రోజుల్లో తయారవుతాయట, ఒకటి తేడా వస్తే మిగతావీ చూసుకోవాలట.

"ఆ ఒకే రోజులు ఏ రోజులండీ?"

"చెవి రెండో నెలలో మొదలవుతుంది."

నాకు వెంటనే వెలిగింది. "ఏడో నెలలో గ్రహణం పట్టిందండీ. నేను కుడి పక్కకి తిరిగి పడుకున్నానంటున్నారు."

"ఏడో నెలకి మీ పాప చెవి ఇలాగే ఉందమ్మా. నువ్వు ఏ పక్కకి పడుకున్నా ఇలాగే ఉండేది."

"మరి ఎందుకాగిందండీ?"

"చాలామందిలో ఎందుకో మాకూ తెలియదు. నువ్వు తిన్నదాని వల్ల కాదు, పడుకున్నదాని వల్ల కాదు. అంతవరకు రాసిస్తా కావాలంటే."

నేను మా ఆయన వైపు తిరిగి, "విన్నారుగా? మీ అమ్మకి చెప్పండి," అన్నాను.

"నువ్వే చెప్పు," అన్నాడు, కొంచెం దూరం జరిగి.

అసలు మాట చివర్లో చెప్పాడు డాక్టరు. పిల్లకి ఎనిమిదేళ్ళొచ్చాక, ఎదుగుదల బాగుంటే, పక్కటెముకల దగ్గరుండే మెత్తటి ఎముక కాస్త తీసి, చెవిలా చెక్కి, ఆ చోట చర్మం కింద పెడతారట. మద్రాసులో చేస్తున్నారట. ఆ వేరుశనగ కాయే అప్పుడు కిందికి జరిగి చెవి తమ్మె అవుతుందట. "అందుకని దాని జోలికి ఎవర్నీ పోనివ్వకు. లాగొద్దు, నూనె రుద్దొద్దు, కుట్టించొద్దు. అక్కడి చర్మం ఎంత బాగుంటే చెవి అంత బాగా కుదురుతుంది. ఇంకో మాట. చెవి వస్తుంది గాని దాంతో వినికిడి రాదు. ఆశపడమాకు."

ఎనిమిదేళ్ళు. వేరుశనగ కాయంత కండకి ఎనిమిదేళ్ళు కాపలా. సరే అనుకున్నాను. మా పొలంలో మిరపకల్లానికి కాపలా కాసినదాన్ని, ఇదెంత?

అమ్మమ్మ మాట వింది. పిల్లకి నీళ్ళు పోసేటప్పుడు కుడి వైపుకి చెయ్యి దానంతటదే వెళ్ళబోతే, రెండో చేత్తో ఆ చేతిని కొట్టుకునేది. అత్తయ్య మాత్రం వినలేదు.

"ఏడో నెల్లో పట్టింది రెండో నెలకి తగలకూడదని ఉందా? గ్రహణానికి నెలలేంటి?"

కానీ ఆ రాత్రి నేను హాయిగా కుడి పక్కకి తిరిగి పడుకున్నాను.

మూడో ఏట పుట్టెంట్రుకలకీ చెవులు కుట్టించడానికీ పెదకాకాని వెళ్ళాం. మావాళ్ళకి ఏది చేయించాలన్నా అక్కడికే. అప్పటిదాకా పిల్ల జుట్టు గుబురుగా ఉండి చెవి కనపడేది కాదు. మంగలి గీశాక నున్నటి గుండు, ఆ గుండుకి ఒక పక్క చెవి, ఇంకో పక్క వేరుశనగ కాయ. వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే ఆ పక్కకి జరిగి చూశారు. పిల్ల మాత్రం గుండు తడుముకుని, "చల్లగుంది," అంది.

మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టారు. కంసాలి ఎడమ చెవికి చుక్క పెట్టి, బంగారు తీగతో చటుక్కున కుట్టేశాడు. పిల్ల ఏడుపు లంకించుకునే లోపు మా అన్నయ్య నోట్లో బెల్లం ముక్క కుక్కాడు. అత్తయ్య కొంగు ముడి విప్పి రెండో పోగు తీసింది.

"ఆ పక్కక్కూడా కానివ్వు."

కంసాలి సందేహంగా చూశాడు. "ఎక్కడ కుట్టమంటారమ్మా?"

"ఆ ఉన్నదానికే. శివుడి ముందు ఒంటి పోగుతో నిలబెడతావా పిల్లని? ఒక చెవి కుట్టి ఒకటి మానేస్తే అరిష్టం."

కంసాలి చెయ్యి చాపాడు. నేను వెళ్ళి పిల్ల కుడి వైపు నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

"చెయ్యి తియ్యి," అంది అత్తయ్య.

"తియ్యను."

"ఇంతమందిలో నాకెదురు చెప్తున్నావా?"

"మీకు కాదత్తయ్యా, సూదికి చెప్తున్నాను. రేపు దీనికి చెవి కట్టేది ఈ ముక్కతోనే. దీనికి కాస్తా చిల్లు పొడిచి చీము పట్టించుకుంటే డాక్టరు దేంతో కడతాడు? మీ పోగుతో కడతాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తయ్య కొడుకు వైపు చూసింది. ఆయన అలవాటుగా చెవి వెనక పెన్సిల్ తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఉండనివ్వమ్మా. ఆ చెవి వచ్చాక కుట్టిద్దాం," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నా వైపు నిలబడింది అదే మొదటిసారి. నేను మర్చిపోలేదు, ఆయన్నీ మర్చిపోనివ్వలేదు.

అత్తయ్య పోగుని మళ్ళీ కొంగున ముడేసింది. "వచ్చినప్పుడు చూద్దాంలే," అంది.

పిల్ల పెరిగింది. మాటలు నాలాగే వచ్చాయి, అంటే ఆగవు. ఒక్క చెవితో పెరిగే పిల్ల ఎలా ఉంటుందో నేను చూసి నేర్చుకున్నాను. మాట వినపడుతుంది గాని ఎటు నుంచి వస్తోందో తెలియదు. పెరట్లోంచి పిలిస్తే వీధిలోకి పరిగెత్తేది. దాగుడుమూతల్లో ఎవరు "ఊ" కొట్టినా ఊరంతా చూసేది. రోడ్డు మీద లారీ హారన్ కొడితే ఏ పక్కకి తప్పుకోవాలో తెలియదు కాబట్టి ముందు ఆగి, రెండు వైపులా చూసి అప్పుడు కదలమని నేర్పాను. బడిలో చేర్చేటప్పుడు పంతులమ్మగారితో చెప్పి, ముందు వరసలో కుడి గోడ పక్కన కూర్చోబెట్టాను, మంచి చెవి గదంతా చూసేట్టు. జలుబు చేస్తే చాలు, డాక్టరు దగ్గరికి పరుగు. ఉన్న ఒక్క చెవికి ఏదైనా అయితే ఇంకేముంది? మా ఊళ్ళో ఆడవాళ్ళు చెవి దురదేస్తే పిన్నీసులూ కోడీకలూ పెట్టి తిప్పుకుంటారు. నా కూతురు దగ్గర ఎవరైనా పిన్నీసు తీస్తే ఆ రోజు వాళ్ళ పని అయిపోయినట్టే.

బడిలో "ఒంటి చెవిది" అన్నారట ఒకరోజు. నేను కొంగు బిగించి బయల్దేరబోతుంటే పిల్ల, "నేను చెప్పేశాలేమ్మా," అంది.

"ఏం చెప్పావే?"

"నా రెండో చెవి మద్రాసులో ఉంది, పెద్దయ్యాక వెళ్ళి తెచ్చుకుంటానన్నా."

ఆ మాట నేనే ఎప్పుడో అన్నానేమో తెలియదు. మా వీధిలో సగం మంది పిల్లలు నిజంగానే నమ్మారు. ఒకడైతే రైల్లో వస్తుందా అని అడిగాడట.

ఎనిమిదో ఏడు వచ్చింది. తీరా వచ్చేసరికి అందరూ వెనకడుగు వేశారు. మత్తు ఇవ్వడం, రొమ్ము పక్కన కొయ్యడం, ఒకసారి కాదు రెండుసార్లు ఆపరేషను. మా ఆయన కూడా, "జడేస్తే కనపడదుగా? దానికెందుకే ఇంత కోత? చేస్తే వినపడేదా అంటే అదీ లేదు," అన్నాడు. అత్తయ్య సంగతి సరేసరి. "ఎముక తీసి చెవి పెడతారా? రేపు పిల్ల నడుం వంగిపోతే?" అంది.

నాకూ లోపల భయం లేకపోలేదు. అప్పుడు నాకొకటి తోచింది. ఎనిమిదేళ్ళు కాపలా కాసింది నేనైనా, ఆ చెవి నాది కాదు. బ్రాడీపేట డాక్టరు దగ్గరికి అందరం వెళ్ళి కూర్చున్నాం. నేను డాక్టరుతో, "దాన్నే అడగండి," అన్నాను.

ఆయన పిల్లని దగ్గరికి పిలిచి, ఎడమ పక్కకి వంగి, ఏం చేస్తారో, ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎన్నాళ్ళు కట్టు ఉంటుందో ఏదీ దాచకుండా చెప్పాడు. "కొత్త చెవితో వినపడదు. మరి నీకు ఎందుకమ్మా చెవి?"

పిల్ల ఆలోచించనైనా ఆలోచించలేదు.

"పెన్సిల్ పెట్టుకోవడానికి."

"పెన్సిలా?"

"నాన్న పెట్టుకుంటాడు. నేను పెట్టుకుంటే పడిపోతంది."

"ఎడమ చెవికి పెట్టుకోవచ్చుగా?"

"నేను కుడిచేత్తో రాస్తానండీ," అంది, ఇంత తెలియదా అన్నట్టు.

మా ఆయన చెవి వెనక పెన్సిల్ తీసి చేతిలో పట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చాక, "మద్రాసుకి టిక్కెట్లు ఎప్పుడు తియ్యమంటావ్?" అన్నాడు.

మద్రాసులో ఆపరేషను చేసే డాక్టరు ముందు ఒక పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క తీసుకుని, పిల్ల ఎడమ చెవి మీద ఆనించి గీసుకున్నాడు. దాన్ని కత్తిరించి, తిరగేసి, కుడి వైపు పెట్టి చూశాడు. "నా చెవిని అట్టు తిరగేసినట్టు తిరగేశాడమ్మా," అని పిల్ల నాకు చెప్పింది. ఆ కండని వేలితో మెల్లగా కదిపి చూసి, "చర్మం చాలా బాగుంది. ఎవరూ ముట్టుకోకుండా ఉంచారే," అన్నాడు. నాకన్నా ముందు అత్తయ్యే, "మా కోడలు ముట్టుకోనివ్వలేదండీ, మహా గట్టిది," అంది. ఎవరొద్దన్నా వినకుండా మాతో వచ్చిందిలెండి, ఆవకాయ జాడీ వేసుకుని.

ఆపరేషన్ అయ్యాక చెవి కన్నా రొమ్ము దగ్గరే ఎక్కువ నొప్పెట్టింది. నవ్వితే నొప్పి. అందుకని పిల్ల నాకు నోరు మూసుకుని కూర్చోమని శిక్ష వేసింది. కట్టు విప్పిన రోజు చూశాను. ఎర్రగా, ఉబ్బి ఉంది, కానీ చెవి! ఒంపు ఉంది, అంచు ఉంది, కింద మా వేరుశనగ కాయ తమ్మె అయి కూర్చుంది. పిల్ల అడిగింది అద్దం కాదు, పెన్సిల్. పెట్టుకుంది. పడిపోయింది. చెవి ఇంకా తలకి అతుక్కుని ఉంది, వెనక సందు లేదు. మూతి ముడిచింది. "దాన్ని లేపడానికేనమ్మా రెండో ఆపరేషను," అన్నాడు డాక్టరు. కొన్ని నెలలు పోయాక మళ్ళీ వెళ్ళాం. తొడ మీద పలచగా చర్మం తీసి చెవి వెనక వేసి, చెవిని పైకి లేపారు.

అత్తయ్య ఆ రోజే కొంగు ముడి విప్పి డాక్టరుకి పోగు చూపించింది. ఇప్పుడు కుట్టించొచ్చా అని అడిగింది. కుదురుకోనివ్వండి, అప్పుడే వద్దన్నాడాయన. మళ్ళీ ముడేసుకుంది. ఆ పోగు ఇప్పటికీ ఆ ముడిలోనే ఉంది.

కొత్త చెవికి స్పర్శ సరిగ్గా ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. చీమ పాకినా తెలియదు, చూసుకోవాలన్నాడు. నేను తల ఊపాను గాని, అదేమిటో ఇంటికొచ్చిన చాలా రోజులకి తెలిసింది.

ఆ రోజు పిల్ల బడి నుంచొచ్చి లెక్కలు చేసుకుంటోంది. నేను వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. లోపల్నుంచి పెట్టె తెరిచిన చప్పుడు, చాప దులిపిన చప్పుడు. తర్వాత కేక.

"అమ్మా, నా పెన్సిల్ ఎవరు తీశారే?"

వాకిట్లోకి వచ్చి నిలబడింది. రెండు జడలు. కుడి చెవి వెనక, నాన్నకి మల్లేనే, కొంచెం కిందికి వాలి, పెన్సిల్. అక్కడ ఉన్నట్టు దానికి తెలియట్లేదు.

వంటింటి గుమ్మంలో అత్తయ్య నోరు తెరిచింది. ఆవిడ ఏం అరవబోతోందో నాకు తెలుసు. మిరపకాయల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయి, కారం గుర్తొచ్చి, మోచేత్తో సైగ చేశాను, చెప్పొద్దని.

"నీ సంచీలో చూశావా?" అన్నాను.

"చూశా."

"గూట్లో?"

"గూట్లో లేదు!" అని కాలు నేలకేసి కొట్టి, మళ్ళీ లోపలికి పోయింది వెతుక్కోవడానికి.